నీ కోసం పెట్టిన పని కాదు

రెండు టేబుళ్ల అవతలే కూర్చుంటుంది ఆమె. లేచి వచ్చి చెప్పొచ్చు. చెప్పలేదు. "ఇది నీ కోసం పెట్టిన పని కాదు" అని ఒక్క లైను రాసి, నా పుల్ రిక్వెస్టును, అంటే కోడ్‌లో నేను చేసి పంపిన మార్పును, కలపకుండానే మూసేసింది.

హాంబర్గ్‌లో మా ఆఫీసు వాడుకునే ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఉంది, దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్పులు పంపొచ్చు. శుక్రవారం మధ్యాహ్నాలు దాని మీద పనిచేయనిస్తారు. దాన్ని చూసుకునే మెయింటెయినర్లలో ఆమె ఒకరు. నేను చేసిన నేరమల్లా, ఫైలు దొరకనప్పుడు వచ్చే ఎర్రర్ మెసేజీలో ఆ ఫైలు పేరు కూడా కనబడేలా మార్చడం. మూడు లైన్లు, ఒక టెస్టు. పది నిమిషాలు పట్టింది. చేయాల్సిన పనిని రాసిపెట్టే ఇష్యూ మీద 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' అనే లేబుల్ చూశాను. చూసి, తేలికైన పని అన్నమాట అనుకున్నాను.

కొత్తగా వచ్చేవాళ్ల కోసం పక్కన పెట్టిన పని అని దాని అర్థమట. ఏ ఫైలు తెరవాలి, టెస్టులు ఎట్లా నడపాలి, ఎక్కడ చిక్కుకుంటారు, అన్నీ ఆమె అందులో విడమరిచి రాసింది. అది రాసే టైములో ఆ పని నాలుగుసార్లు అయిపోయేది. ఆమెకు తెలియకనా?

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పని ఎగ్గొట్టినందుకు మాట పడ్డానంటే అర్థముంది. చేసినందుకు పడడమేంది? వాకిట్లో వడ్లు ఆరబోసి ఉండగా మబ్బు పడితే, అవి ఎవరి వడ్లని అడిగి కదులుతామా?

ఆదివారం నాయినకు ఫోన్ చేసి చెప్పుకున్నాను. నా వైపు మాట్లాడతాడనుకుంటే, "ఆమె చేసింది కరెక్టే" అన్నాడు. ఆయన చిన్నప్పుడే మేస్త్రీ వెంట ముంబై, పుణె తిరిగిన మనిషి. "మా మేస్త్రీ గూడ గంతే. బాత్రూం గోడ మూడు వరుసలు నాకు ఇడిసిపెడుతుండె. పెద్దోళ్లకు గంట పని గది, నాకు పొద్దంత. వంకరొస్తే పీకిపిచ్చి మళ్ల కట్టిపిచ్చెటోడు." బాత్రూమే ఎందుకంటే, మీద ప్లాస్టరింగ్ పడుతుంది, కొత్తోడి వంకర బయటికి కనబడదు. ఆ మేస్త్రీయే అడ్వాన్సు లెక్కల్లో ఎంత మింగాడో కూడా నాయినే చెప్తుంటాడు, కాబట్టి ఆయన్ని దేవుణ్ణి చేయను. కానీ మా నాయిన చేతికి తాపీ ఇచ్చింది ఆయనే.

అక్క కొడుకు మహబూబ్‌నగర్‌లో బీటెక్ మూడో ఏడు. ఆ ఇష్యూ ఇంకా తెరిచే ఉంది కదా అని వాడికి చూపించాను. వాడు మొట్టమొదట చేసిన పని, "రెస్పెక్టెడ్ సర్, కైండ్లీ అసైన్ దిస్ టు మీ" అని దాని కింద రాయడం.

"సర్ ఎవరు? ఇంత చిన్నదానికి పర్మిషన్ ఎందుకు?" అని ఆమె నన్నడిగింది. నవ్వుతూనే అడిగింది గానీ నాకు చురుక్కుమంది. 2020 అక్టోబరులో, నాలుగు పుల్ రిక్వెస్టులకు టీషర్టు ఇచ్చే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, ప్రాజెక్టు గురించి చెప్పే రీడ్‌మీ ఫైలులో ఊరికే ఒక పదం చేర్చి పంపేవాళ్లు ఎక్కువైపోయారు. చివరికి, పాల్గొంటామని ఒప్పుకున్న ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి వస్తాయని ఆ నెల మొదట్లోనే రూలు మార్చారు. అట్లా పంపింది ఎక్కువగా మన దేశం పిల్లలేనని పేరు పడింది కాబట్టి, ఆ ముచ్చట వచ్చినప్పుడల్లా ఆఫీసులో నా దిక్కు ఒక చూపు పడుతుంది. పడుతుందని నాకే అనిపిస్తుందేమో కూడా.

ఆమెకు ఏమని చెప్పాలి? మేము చదివిన కాలేజీలో ల్యాబ్‌లో కంప్యూటర్ ఆన్ చేయాలన్నా సార్‌ను అడగాలి. అడగకుండా ముట్టుకున్నవాడు ఆ పూటంతా బయట నిలబడ్డాడు. 'సర్' అనడంలో భయం ఎంతుందో మర్యాదా అంతే ఉంది. ఆమెకు భయం ఒక్కటే కనబడుతుంది.

తర్వాత రెండు రోజులు వాడి నుంచి చప్పుడు లేదు. మూడో రోజు అక్క ఫోన్ చేసి, "వాడు సక్కగ అన్నం తింటలేడురా, కంప్యూటర్ల ఏదో ఆగిందట" అంది. వీడియో కాల్ చేస్తే స్క్రీన్ మీద 403 అనే ఎర్రర్ కనబడింది. ఫోర్క్ అయితే చేశాడు, అంటే ప్రాజెక్టుకు తన పేరు మీద ఒక కాపీ తీసుకున్నాడు; క్లోన్ చేసి తన కంప్యూటర్‌లోకి దించుకుంది మాత్రం అసలు ప్రాజెక్టును. మార్పును పైకి పంపడానికి పుష్ కొడితే పర్మిషన్ లేదంటోంది.

"నేనేమన్న ఖరాబు చేసిన్నా మామా?"

మూసేసిన నా పుల్ రిక్వెస్టులో వాడు రాయాల్సిన జవాబంతా ఉంది. "గిట్ రిమోట్ మైనస్ వీ కొట్టి, వచ్చింది చదువు" అన్నాను. మార్పులు ఏ అడ్రస్‌కు పోతున్నాయో చూపించే కమాండ్ అది. చదివాడు. మళ్లీ చదివాడు. అక్కడ రాత్రి పన్నెండు దాటింది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

"ఇండ్ల నా పేరు లేదు మామా!"

అడ్రస్ వాడే మార్చుకున్నాడు. మర్నాడు 'చేంజెస్ రిక్వెస్టెడ్' అని ఎర్రగా కనబడగానే "రిజెక్ట్ చేసిన్రు" అని మెసేజ్ పెట్టాడు. అది దిద్దమని అడగడమే, రోజూ నాకూ వచ్చేదే అని చెప్తే నమ్మలేదు. నాది ఒకటి తీసి చూపించాక నమ్మాడు. ఆమె అడిగినట్టు మూడుసార్లు దిద్దాడు, కలిపేసింది. కింద "థ్యాంక్యూ సర్" అని రాశాడు. ఆమె ఏమీ అనలేదు.

పోయిన నెల నేనూ ఒక గుడ్ ఫస్ట్ ఇష్యూ రాశాను. రాయడానికి గంటన్నర పట్టింది. రెండు లైన్ల పని. మూడు వారాలుగా అట్లనే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. పొద్దున టీ పొయ్యి మీద పెట్టి ముందు దాన్నే తీసి చూస్తాను. చేతులు గుంజుతుంటాయి.