కోడ్ జీరో వచ్చిందిగా!

పిల్లాడి ప్రాజెక్టు తాలూకు థర్మోకోల్ ముక్కలు హాలంతా అలాగే పడున్నాయి, తీసే ఓపిక లేదు. బుర్రలో ఇంకా ఆఫీసు కంప్యూటర్‌లో వచ్చిన ఆ ఎర్రర్ తాలూకు ఎర్రక్షరాలే. ‘ఇనిషియల్ వాల్యూ ఇన్ వీఎమ్‌మిన్ ఈజ్ నాట్ ఫైనైట్’ అట, అంటే మొదటి విలువే లెక్కకందనిదని. ఎవరీ వీఎమ్‌మిన్? గణాంకాల భాష ఆర్‌లో నేను పిలిచింది ఆప్టిమ్‌ని (ఫంక్షన్ విలువ ఎక్కడ అతి తక్కువో వెతికిపెట్టేది), అడిగింది అందులో బీఎఫ్‌జీఎస్ అనే వెతుకులాట పద్ధతిని. లోపలెక్కడో ఉన్న రొటీన్ పేరు చెప్పి తిడితే నాకేం తెలుస్తుంది, ఫలానా వరుసలో తేడా ఉంది చూసుకో తల్లీ అంటే సరిపోయేది కదా.

తేడా సున్నాల్లో ఉంది. గాలి వేగాలకి వైబుల్ అనే సంభావ్యతా వంపు అమరుస్తూ, దాని ఆకారం చెప్పే షేప్‌ని 2తో మొదలుపెట్టాను. షేప్ 1 దాటితే సున్నా వేగం దగ్గర సాంద్రత (ఆ చోట వంపు ఎత్తు) సున్నా, దాని లాగ్ మైనస్ ఇన్ఫినిటీ. వేల రీడింగుల్లో గాలి లేని గంట ఒక్కటున్నా చాలు, ఈ లాగ్‌లన్నీ కూడి చూసే లైక్లీహుడ్, అంటే వంపు డేటాకి ఎంత నప్పిందో చెప్పే కొలత, మొత్తం గంగలో కలుస్తుంది.

అసలు మంట ఇది కాదు. మా లీడ్‌గారు వెనక నించుని, కాఫీ కప్పుతోనే స్క్రీన్ చూపిస్తూ, “సున్నాల బదులు 0.01 పెట్టేయమ్మా, ఆడుతుంది” అన్నారు. ఆడింది. ఆప్టిమ్ చివర్లో ఇచ్చే కన్వర్జెన్స్ కోడ్ 0, అంటే సక్సెస్. ఆయన వెళ్లిపోయారు. కానీ 0.01కి లాగ్ మైనస్ 4.6, అలాంటివి కుప్పగా చేరితే షేప్‌ని కిందికి లాగి పారేస్తాయి. కోడ్ 0 చెప్పేది ఫంక్షన్ విలువ ఇక చెప్పుకోదగ్గంత తగ్గడం లేదని మాత్రమే.

ఎమ్మెస్సీ ల్యాబ్‌లో మా సారు న్యూటన్-రాఫ్సన్ (అంచనాని మెట్టుమెట్టుగా సరిచేసుకుంటూ పోయే పద్ధతి) కాలిక్యులేటర్ మీదే చేయించేవారు. ముందు గ్రాఫ్ కాగితం మీద లైక్లీహుడ్ గీసి చూపించాలి, లేకపోతే రికార్డు మీద సంతకం పెట్టరు. పక్క బెంచీ అమ్మాయికి రెండో ఇటరేషన్‌కే వేరియన్స్ నెగటివ్‌లోకి పోయి పాపం ఏడుపు మొహం పెడితే, ఆవిడ లెక్క కేసి చూడనైనా చూడకుండా “గ్రాఫ్ ఏదమ్మా” అన్నారు. చాదస్తం అని ఎంత తిట్టుకున్నామో! కాగితాలైపోతే గేటు ఎదురు జిరాక్స్ షాపుకి పరుగులు, వాడేమో మా అవసరం కనిపెట్టి రూపాయి ఎక్కువ గుంజేవాడు.

సాయంత్రం హిస్టోగ్రామ్ మీద వంపు గీశాను. 0.01 పెట్టి తెచ్చిన వంపు, ఎక్కువ గంటలు నమోదైన వేగాల దగ్గర చతికిలబడి ఉంది. పొద్దున్నుంచీ తిట్టాను గానీ వీఎమ్‌మినే నయం, ఆగి చెప్పింది.

గాలి వేగం కొలిచే కప్పుల అనిమోమీటర్ తిరగడానికే కొంత గాలి కావాలి, కాబట్టి దాని సున్నా అంటే ఆ హద్దు కంటే తక్కువని. ఆ గంటలకి సాంద్రత తీసేసి హద్దులోపు ఉండే సంభావ్యత వేశాను, షేప్, స్కేల్ (వంపు ఎంత వెడల్పో చెప్పేది) నెగటివ్‌లోకి జారకుండా రెండింటినీ లాగ్‌లో పెట్టాను. హెస్సియన్ (లైక్లీహుడ్ ఎంత వంగి ఉందో చెప్పే మాత్రిక) విలోమం నుంచి స్టాండర్డ్ ఎర్రర్లు, అంటే అంచనాల్లో ఎంత అటూఇటూ ఉండొచ్చో, అవి కూడా శుభ్రంగా వచ్చాయి. సంతోషమే.

రేపు మీటింగ్‌లో రెండు వంపులూ పక్కపక్కన పెడతాను. అప్పుడు కూడా ఆయన “కోడ్ జీరో వచ్చిందిగా” అంటే మాత్రం, ప్రింటవుట్ తీసి ఆయన టేబుల్ అద్దం కింద పెట్టి వచ్చేస్తా.