పసుపు రంగు గదిలో ఎవరుండేవారు?

అమెరికాలో ఓ పబ్లిక్ లైబ్రరీలో, స్థానిక చరిత్ర విభాగంలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. పాత మ్యాపులు, డైరెక్టరీలు, ఫొటోలు స్కాన్ చేసి, వాటికి వివరాలు రాసి, కొన్నిటిని ఏరి ఆన్‌లైన్ ప్రదర్శనగా పేర్చడం నా ఉద్యోగం. "స్కానింగేగా" అంటారు మనవాళ్లు. నిజానికి స్కానింగ్ అందులో చిన్న ముక్క. కాగితాలకైతే చేతులు కడుక్కుని పొడిగా తుడుచుకుంటే చాలు. గ్లవ్స్ వేసుకుంటే పేజీ అంచు చేతికి తెలియక చిరిగే ప్రమాదం ఉంది. ఫొటోలకు మాత్రం గ్లవ్స్ వేసుకోవాల్సిందే. నాణ్యత తగ్గని పెద్ద ఫొటో ఫైలు (టిఫ్) భద్రంగా దాచి, జనానికి తేలికపాటి కాపీ పెడతాం. అసలు పని ఆ తర్వాతే. ఇది ఎప్పటిది, ఎక్కడిది, ఇందులో ఎవరున్నారు?

నాకు ప్రాణమైనవి శాన్‌బార్న్ మ్యాపులు. 1867లో మొదలైన ఆ సంస్థ, అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం అమెరికా పట్టణాలను ఇల్లిల్లూ కొలిచి గీసింది. ఎక్కువ మ్యాపులకు అంగుళానికి 50 అడుగుల లెక్క. ఇటుక కట్టడానికి గులాబి రంగు, చెక్కదానికి పసుపు. ఏ కట్టడం ఎంత తొందరగా అంటుకుంటుందో తేల్చడానికి గీసిన గీతల్లో వలస వచ్చినవాళ్లూ దొరుకుతారు. ఓ చిన్న పసుపు గది మీద "చైనీస్ లాండ్రీ" అని ఉంటుంది. చాలా దుకాణాలకు యజమాని పేరు రాయలేదు, నిజమే. కానీ వాటికి దేశం పేరు తగిలించలేదు కదా!

మనిషి ఆచూకీ కావాలంటే సిటీ డైరెక్టరీ తియ్యాలి. పేరు, వృత్తి, చిరునామా వరసగా అచ్చేసేవారు. ఇంకొకరింట్లో అద్దెకు తలదాచుకునేవాళ్ల పక్కన "బోర్డర్" అనే మాటను కుదించి రాసి ఉంటుంది. 1890 జనాభా లెక్కల కాగితాలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం వల్ల దాదాపు అన్నీ పోయాయి కాబట్టి, ఆ కాలపు మామూలు మనుషుల్ని వెతకడానికి ఈ డైరెక్టరీలు పెద్ద ఆధారం. మ్యాపులో ఇంటి నంబరు, డైరెక్టరీలో అదే నంబరు కలిశాయంటే ఆ పసుపు గదికి ఓ పేరు దొరికినట్టే. లైబ్రరీ బీరువాల్లో ఈ రెండూ ఎప్పుడూ వేర్వేరు చోట్ల ఉంటాయి. తెర మీద పక్కపక్కన పెట్టొచ్చు. ఆన్‌లైన్ ప్రదర్శన చేసే గొప్ప మేలు ఇదేనని నా నమ్మకం. వేల స్కాన్లు కుమ్మరించి వదిలేస్తే ఇది జరగదు.

అయినా తొందరపడకూడదు. లాండ్రీ బోర్డు మీది పేరు చాలాసార్లు వ్యాపారం పేరే గానీ మనిషిది కాదు. అందుకే "ఈ పేరుతో లాండ్రీ నడిచింది" అని మాత్రమే రాస్తాం. దాని కింద చట్టాల సంగతి తప్పకుండా ఉండాలని నేను పట్టుబడతాను. చైనా కార్మికులు కొత్తగా రాకుండా 1882లో చట్టం వచ్చింది. 1888లో ఇంకోటి వచ్చి, ఊరెళ్లిన కార్మికులకు తిరిగొచ్చే దారి మూసేసింది. చేతిలో అనుమతి పత్రం ఉన్నా చెల్లదన్నారు. వీసా స్టాంపింగ్‌కి వెళ్లడానికి టెన్షన్ పడే మనకు ఆ గదిలో మనిషి పరిస్థితి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇప్పటి వలస కుటుంబాల సంగతి కూడా రేపు ఎవరో వెతుక్కుంటారు. మసాచుసెట్స్‌లో 2004 నుంచి ఓ విశ్వవిద్యాలయం వాళ్లు ఊరూరా తిరిగి, జనం తెచ్చిన ఇంటి ఫొటోలను అక్కడే స్కాన్ చేసి, కథ రాసుకుని, ఫొటో తిరిగిచ్చేస్తున్నారు. చాలా లైబ్రరీలు ఇలాంటి రోజులు పెడుతున్నాయి. మీ ఊళ్లో పెడితే వెళ్లండి. గుళ్లూ పండగలే కాదు, మీరు పనిచేసిన చోటు, నలుగురు కలిసి అద్దెకున్న అపార్ట్‌మెంట్ ఫొటోలు కూడా పట్టుకెళ్లండి. వెనకవైపు బాల్ పెన్‌తో కాకుండా మెత్తటి పెన్సిల్‌తో, గట్టిగా నొక్కకుండా, ఎవరెవరు, ఏ వీధి, ఏ సంవత్సరం అని రాయండి. ఫొటోలో ఉన్నవాళ్లను ముందే అడిగి, లైబ్రరీ వాళ్లిచ్చే అనుమతి పత్రం పూర్తిగా చదివాకే సంతకం పెట్టండి.