పశ్యేమ శరదశ్శతం: చలికాలంలో మధ్యాహ్న సూర్యుడు

కృష్ణ యజుర్వేదులు మాధ్యాహ్నిక సంధ్యలో సూర్యుణ్ణి ఉపాసిస్తూ "పశ్యేమ శరదశ్శతం, జీవేమ శరదశ్శతం" అంటారు. నూరేళ్ళు చూడాలి, బతకాలి, ఆనందించాలి, వినాలి, మాట్లాడాలి అని ఒక్కొక్కటే అడుగుతూ చివరికి "జ్యోక్చ సూర్యం దృశే", చిరకాలం సూర్యదర్శనం కావాలి అంటారు. ఇన్ని వరాలూ అడిగేది నడిమింటి సూర్యుణ్ణి. ఉద్యోగాల హడావిడిలో మనం ముందుగా వదిలేసింది ఈ మధ్యాహ్న సంధ్యనే.

చలికాలంలో మన సూర్యారాధనంతా తెల్లవారుజామునే. రథసప్తమినాడు తల మీద, భుజాల మీద జిల్లేడాకులు, రేగుపండ్లు పెట్టుకుని అరుణోదయ స్నానం చేస్తాం. "తన్మే రోగం చ శోకం చ మాకరీ హంతు సప్తమీ" అని రోగం, శోకం రెండూ పోవాలని వేడుకుంటాం. చిక్కుడుకాయల రథం, పిడకల మీద పొంగిన పాలతో పరమాన్నం, వీలైతే అరసవల్లి దర్శనం. ఆ అర్ఘ్యానికి సాటి లేదు. కానీ ఆ లేత ఎండతోనే డి విటమిన్ సరిపోతుందనుకోవడం మాత్రం పొరపాటు. చర్మంలోని ఒక రకం కొలెస్ట్రాల్‌ను డి3గా మార్చేది సుమారు 290–315 నానోమీటర్ల యూవీ-బి కిరణం. సూర్యుడు దిగువన ఉన్నప్పుడు కిరణాలు గాలిలో ఏటవాలుగా ఎక్కువ దూరం రావాలి, దాంతో ఓజోన్ ఆ యూవీ-బిని దాదాపు మింగేస్తుంది.

దీనికి యంత్రం అక్కర్లేదు, నీడ చూసుకుంటే చాలు. మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే ఎండలో పని జరుగుతున్నట్టు. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి డిసెంబరు 21న కూడా మిట్టమధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. ఆ రోజుల్లో నీడ పొట్టిగా ఉండేది సుమారు 10:40 నుంచి 1:10 వరకు. చలిదేశాల వాళ్ళకు నెలల తరబడి దొరకని ఎండ ఇది. మనకు డాబా మీదే ఉంది!

వారానికి మూడు నాలుగు రోజులు, స్వెటరు తీసి, చేతులు, కాళ్ళు, వీలైతే వీపు ఎండకు చూపిస్తూ ఇరవై నిమిషాల నుంచి అరగంట కూర్చోండి. చామనఛాయ, నలుపు ఒంటికి ఆ పై అంచు కావాలి, తెల్లని ఒళ్ళు కందకముందే లేవాలి. విశాఖ ఎంవీపీ కాలనీ ఫ్లాట్లలోలా బాల్కనీ అద్దం వెనక కూర్చుంటే వెచ్చదనమే దక్కుతుంది, అద్దం యూవీ-బిని ఆపేస్తుంది. ఉపస్థానం, అంటే నిలబడి సూర్యుణ్ణి స్తుతించడం, చేసేటప్పుడు కూడా సూర్యుణ్ణి సూటిగా చూడొద్దు, రెటీనా దెబ్బతింటుంది. తల వంచి నమస్కరించినా ఆయనకు చెందుతుంది.

రథసప్తమి ఒక్కరోజు ఎండ ఏడాదికి సరిపోదు. రక్తంలో డి నిల్వ రెండు మూడు వారాల్లో సగానికి పడిపోతుంది. ఆహారంలో గుడ్డు పచ్చసొన, చేపలు తినేవాళ్ళకు కవళ్ళు, కానాగంతలు మేలు. శాకాహారులు పాలు, నూనె ప్యాకెట్ల మీద విటమిన్లు కలిపారని చెప్పే '+ఎఫ్' గుర్తు చూసి కొనాలి. వయోజనులకు రోజుకు 600 యూనిట్ల డి విటమిన్ లక్ష్యం.

ఒళ్ళునొప్పులు, నీరసం వదలకపోతే 25-హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్ష చేయించండి. మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపు వస్తే లోటే. డాక్టరు రాసే 60,000 యూనిట్ల సాచెట్ సాధారణంగా వారానికి ఒకటి, కొన్ని వారాల పాటే. భోజనం తర్వాత, కాస్త కొవ్వున్న పాలతో తీసుకుంటే బాగా ఒంటబడుతుంది. రోజూ వేసుకునేదనుకుని మింగడం, కోర్సు అయిపోయినా నెలల తరబడి కొనసాగించడం ప్రమాదం. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, అతిదాహం వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. కిడ్నీ రాళ్ళున్నవాళ్ళు డాక్టరుని అడగకుండా ఒక్క సాచెట్ కూడా వేసుకోవద్దు. మెట్లెక్కలేని అమ్మమ్మలకు, తాతయ్యలకు పదకొండింటికి వాకిట్లోనో, గేటు పక్కనో ఎండ పడేచోట కుర్చీ వేయండి. మంత్రం రానివాళ్ళు ఆ అరగంటా ఆదిత్యహృదయం వింటూ కూర్చోవచ్చు.