రెక్కవేలికి ఏ రంగు వేద్దాం?

మూడు నెలలు ఉండి వద్దామని మ్యూనిక్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. మనవరాలికి ఏడేళ్ళు. బడి నుంచి రాగానే బ్యాగు ఓ మూల పడేసి రంగుపెన్సిళ్ళ డబ్బా తీస్తుంది. ఆ రోజు వాళ్ళమ్మ ప్రింటు తీసిచ్చిన కాగితం మీద కోట్ల ఏళ్ళ కిందటి ఎగిరే జంతువు బొమ్మ ఉంది. కింద టెరోడాక్టిలస్ అని పేరు. దాని ఒంటికి చిలకపచ్చ, రెక్కలకు వంకాయరంగు వేస్తోంది.

డ్రాయింగ్ మాస్టరుగా బతుకంతా గడిపిన నోరు ఊరుకుంటుందా? "ఇదేం రంగు తల్లీ, బల్లిజాతి కదా, మట్టిరంగు వెయ్యాలి" అన్నాను.

"నువ్వు చూశావా తాతా?"

చూడలేదు. ఆ మాట రెండు రోజులు నన్ను పీకింది.

నెలలో మొదటి ఆదివారం మ్యూనిక్‌లోని పురాజీవ మ్యూజియం తెరిచి ఉంటుందని మా అల్లుడు చెప్పాడు. టికెట్ లేదు. లోపలికి అడుగుపెట్టగానే మ్యూల్‌డార్ఫ్ దగ్గర దొరికిన పాతకాలపు ఏనుగు అస్థిపంజరం నిలబడి ఉంటుంది. నేను దాని దగ్గరే ఆగిపోయాను, పిల్ల మాత్రం నా చెయ్యి గుంజుకుంటూ రాతి పలకల వైపు పరుగెత్తింది. లేత పసుపు రాయి మీద సన్నటి ఎముకలు, ఎవరో గోధుమరంగు సిరాతో గీసినట్టు. పెద్ద జంతువుని ఊహించుకుని వెళ్ళానేమో, టెరోడాక్టిలస్‌ని చూసి కాస్త నీరుగారిపోయాను. బాగా ఎదిగినదాని రెక్కలు చాపినా మీటరు వెడల్పు మాత్రమే.

ఆ అద్దం ముందు నేలమీద కూర్చుని మనవరాలు తన కాగితం తీసింది. రాయినీ కాగితాన్నీ మార్చి మార్చి చూసింది. "తాతా, దీనికి తోక లేదు!" నిజమే. కాగితం మీద పొడుగు తోక, దాని చివర ఆకులాంటి పొరా ఉన్నాయి. ఆ తోక పక్క పలకలో ఉన్న రాంఫోరింకస్ అనే మరో ఎగిరే జంతువుది. టెరోడాక్టిలస్‌ది మొండితోక. బొమ్మ గీసినవాళ్ళు రెంటినీ కలిపేశారు.

అంతకన్నా పెద్ద తప్పు రెక్కలో ఉంది. బొమ్మలో గొడుగు ఊచల్లా నాలుగైదు గీతలు గీశారు. అది గబ్బిలం రెక్క. గబ్బిలానికి నాలుగు వేళ్ళ మధ్య పొర సాగి ఉంటుంది. వీటికి రెక్కని చాపి పట్టుకునేది ఒక్క వేలే, నాలుగోది. మన లెక్కన ఉంగరపు వేలు. నా చెయ్యి తీసి చూపించాను: చిటికెన వేలు లేదనుకో, మొదటి మూడూ గోళ్ళతో పొట్టిగా ఉండిపోయాయనుకో, ఈ ఉంగరపు వేలు మాత్రం ఒంటికన్నా పొడుగ్గా పెరిగి, దాన్నుంచి ఒంటి పక్క దాకా తోలు పొర దిగిందనుకో. పేరులో ఉన్నదీ అదే, గ్రీకులో రెక్క, వేలు. "అయితే రెక్కవేలు" అంది పిల్ల. నాకు నచ్చింది.

పెద్దవాళ్ళూ దీని దగ్గర తక్కువ తికమక పడలేదు. 1784లో కొల్లీని అనే ఆయన మొదటిసారి దీన్ని వర్ణించినప్పుడు సముద్రజీవి కావచ్చనుకున్నాడు. 1801లో ఫ్రాన్సులో క్యువియే అనే శాస్త్రవేత్త బొమ్మ చూసే ఇది ఎగిరే సరీసృపమని తేల్చాడు. ఆ తరవాత కూడా గబ్బిలం లాంటిదని వాదించినవాళ్ళున్నారు. డైనోసార్లకు చుట్టాలే గానీ ఇవి డైనోసార్లు కావు. పక్షులు వీటి సంతానమూ కాదు. ఇదంతా మనవరాలికి ముందే తెలుసు, నాకే కొత్త.

పై వారం అల్లుడి కార్లో ఐక్‌స్టెట్ వెళ్ళాం. మ్యూనిక్‌కి వంద కిలోమీటర్ల పైచిలుకు. ఆల్ట్‌మ్యూల్ నది లోయలో చిన్న ఊరు, గుట్ట మీద కోట, కోటలో జురా మ్యూజియం. దారి గురించి చెప్పడానికేం లేదు, నేను నిద్రపోయాను.

లేచేసరికి బ్లూమెన్‌బెర్గ్ క్వారీ. డబ్బు కడితే సుత్తి, ఉలి ఇస్తారు, ఎవరి రాళ్ళు వాళ్ళు చీల్చుకోవచ్చు. నాది బేతంచెర్ల. నాపరాళ్ళ మధ్య పుట్టినవాణ్ణి. ఆ పలకల దొంతరలు చూడగానే మా ఊరి గని గుర్తొచ్చింది. ఇక్కడా ఇళ్ళ కప్పులకి, నేలకి ఈ బండలే. ఊరివాణ్ణన్న ధీమాతో ఉలి పెట్టి కొట్టాను, రెండో దెబ్బ బొటనవేలి మీద పడింది. గోరు నల్లబడింది. అదే సమయానికి సన్న వాన.

పిల్లకి మాత్రం పలక తెరుచుకుంది. లోపల నల్లటి ఫెర్న్ ఆకు. ఎగిరి గంతేసింది. అది ఆకు కాదు, రాతి పగులులో మాంగనీసు ఊరి కట్టిన చారలట. మూతి ముడుచుకుంది గానీ, తరవాత చిల్లర నాణెమంత సముద్రపు కలువ (పేరుకే కలువ, నిజానికి జంతువు) ఒకటి దొరికాక శాంతించింది.

ఈ రాయి పదిహేను కోట్ల ఏళ్ళ కిందటి మడుగుల అడుగున పేరుకున్న సున్నపు బురద. అంత మెత్తటి బురద గనకే రెక్క పొర ముద్ర కూడా నిలిచింది. 1882లో జిట్టెల్ అనే శాస్త్రవేత్త వర్ణించిన రాంఫోరింకస్ రెక్కలో పొర స్పష్టంగా కనిపిస్తుంది. ఈమధ్యే ఈ రాళ్ళలోని రెండు టెరోడాక్టిలస్ కూనలను పరీక్షిస్తే రెక్క ఎముకలు విరిగి ఉన్నాయట. తుఫానుగాలికి విరిగి మడుగులో పడి ఉంటాయంటున్నారు. ఇది పిల్లకి చెప్పలేదు.

ఇంకో సంగతి, నా వృత్తికి సంబంధించినది. రాతి అచ్చు పుట్టిందీ ఈ రాయి మీదే. 1790ల చివర్లో సెనెఫెల్డర్ అనే ఆయన జిడ్డు సిరాతో ఈ నున్నటి పలక మీద గీసి, తడిపి, అచ్చుతీయడం కనిపెట్టాడు. తరవాత రంగుల బొమ్మలకి రంగుకో రాయి వాడారు. 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ప్రెస్సు లక్ష్మీదేవి పటాలు వేసింది ఆ పద్ధతిలోనే. మా దేవుడి గూట్లో ఉన్న పటాన్ని చిన్నప్పుడు ఎన్నిసార్లు చూసి గీశానో.

కోటలో మ్యూజియం చూశాక, అక్కడున్న ఒకావిణ్ణి మనవరాలే జర్మన్‌లో అడిగింది, వీటిది ఏ రంగని. ఆవిడ నవ్వి, ఇక్కడి రాళ్ళలో రంగు మిగల్లేదు, ఒంటి మీద వెంట్రుకల్లాంటి నూగు ఉండేదని మాత్రం తెలుసు అంది. బ్రెజిల్‌లో దొరికిన ఒక దాని తల మీది తురాయిలో రంగు కణాలు రకరకాల ఆకారాల్లో కనిపించాయని 2022లో రాశారట. అంటే ఒకే రంగుది కాదన్నమాట. నా మట్టిరంగు అక్కడే పోయింది.

ఇంటికొచ్చాక కొత్త కాగితం. ఈసారి నేను గీశాను, ఆమె సరిచూసింది. మొండితోక, నూగు, పళ్ళు, పొడుగు ఉంగరపు వేలు. గొడుగు ఊచలు లేవు. రెక్క తెల్లగా మిగిలింది.

"ఏం వేద్దాం తాతా?"

"వంకాయరంగు" అన్నాను.

"అది పాతది" అని డబ్బాలోంచి పసుపు తీసింది.