సలమాంకాలో తొలి వారాలు

హైదరాబాద్‌లోని ఇఫ్లూలో (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో) స్పానిష్ చదివిన తరువాత పైచదువుకు నేను ఎంచుకున్న ఊరు స్పెయిన్‌లోని సలమాంకా. మాద్రిద్, బార్సిలోనా వంటి మహానగరాలను కాదని ఈ పాత ఊరిని కోరుకోవడానికి కారణం దాని విశ్వవిద్యాలయమే. లెయోన్ రాజు తొమ్మిదవ అల్ఫోన్సో దాన్ని 1218లో స్థాపించాడు. మన ఓరుగల్లులో గణపతిదేవుడు రాజ్యమేలుతున్న రోజుల్లో ఇక్కడ మొదలైన చదువు నేటికీ సాగుతున్నదన్న సంగతి నన్ను మొదటి నుంచీ ఆకర్షించింది.

మాద్రిద్ నుంచి బస్సులో రెండున్నర గంటల ప్రయాణం. సెప్టెంబరు కావడంతో దారి పొడవునా కోతలు ముగిసిన పొలాలు, వాటి మధ్య అక్కడక్కడా ఓక్ చెట్లు కనిపించాయి. ఊరు చేరగానే కళ్ళను కట్టిపడేసేది రాయి. పక్కనే ఉన్న వియ్యామయోర్ గ్రామపు గనుల నుంచి తీసిన ఈ ఇసుకరాయి కొత్తలో ఉలికి సులువుగా లొంగుతుంది, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. అందులోని ఇనుము వల్ల కాలక్రమేణా దానికి బంగారు ఛాయ వస్తుంది. విశ్వవిద్యాలయ ముఖద్వారమంతా ఈ రాతి చెక్కడమే. అందులో ఒక పుర్రె మీద కూర్చున్న చిన్న కప్పను వెతికి పట్టుకున్న విద్యార్థి పరీక్షలో గట్టెక్కుతాడని నమ్మకం. చుట్టుపక్కల గోడల మీద, డాక్టరేట్ పొందినవారి గౌరవార్థం వేసిన ఎర్రటి ‘వీతోర్’ గుర్తులు, వాటి పక్కన పేర్లు శతాబ్దాలుగా నిలిచి ఉన్నాయి. చదువుకున్నవాడి పేరును ఊరి గోడల మీద రాసి ఉంచే ఈ ఆచారాన్ని మించిన సన్మానం నేను మరెక్కడా చూడలేదు.

భాషకంటే నన్ను ఎక్కువగా తికమకపెట్టింది రోజు నడిచే తీరు. మధ్యాహ్న భోజనం రెండున్నరకు, రాత్రి భోజనం తొమ్మిదిన్నర తరువాత. రెండింటి నుంచి ఐదింటి వరకు చిన్న దుకాణాలన్నీ మూసి ఉంటాయి. పన్నెండున్నరకే ఆకలి వేసే నాకు మొదటి వారం నీరసంగానే గడిచింది. వీళ్ళకు బద్ధకమని, వేళాపాళా లేదని బయటివాళ్ళు తేలికగా అనేస్తారు కాని, అసలు సంగతి వేరు. స్పెయిన్ భూభాగంలో అధిక భాగం గ్రీనిచ్ రేఖకు పడమరనే ఉన్నా, 1940 నుంచి ఆ దేశం గ్రీనిచ్ కంటే గంట ముందుండే మధ్య ఐరోపా సమయాన్ని పాటిస్తున్నది. దానికి, గడియారాన్ని మరో గంట ముందుకు జరిపే వేసవి సమయం తోడైతే సలమాంకాలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో రెండు దాటుతుంది. గడియారాన్ని పక్కనపెట్టి పొద్దును చూస్తే, వీళ్ళు సరిగ్గా మన పల్లెల్లో అన్నం తినే వేళకే తింటున్నారు. ఈ లెక్క అర్థమైన తరువాత నా శరీరం కూడా మొరాయించడం మానుకుంది.

నేను మాంసాహారం తినను. పంది మాంసానికి పేరుపడ్డ ఈ ప్రాంతంలో అది చిన్న విషయం కాదు. కూర అని తెప్పించుకున్న బీన్స్‌లోనూ హామ్ ముక్కలు కనిపిస్తాయి. బంగాళదుంపలు, గుడ్లతో చేసే తోర్తీయా తొలి రోజుల్లో నన్ను ఆదుకుంది. నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు డెబ్బై ఏళ్ళ పెద్దావిడ. ఒకరోజు తన కోసం చోరీసో అనే పంది మాంసపు సాసేజ్ వేసి వండుకుంటున్న లెంతేహాస్ అనే పప్పులో నుంచి నా భాగాన్ని ముందే వేరు గిన్నెలోకి తీశారు. వేడి ఆలివ్ నూనెలో వెల్లుల్లి వేయించి, దించాక పొగ వాసన గల ఎర్రటి పిమెంతోన్ మిరప పొడి కలిపి అందులో పోశారు. మన ఇంటి పప్పుకు పెట్టే తాలింపే కళ్ళ ముందు జరుగుతున్నట్టు అనిపించి, ఆ పూట కడుపునిండా తిన్నాను. అంతటి పెద్దావిడను పేరు పెట్టి, ‘నువ్వు’ అని పిలవాలన్నది ఆవిడ షరతు. తరగతిలో ఆచార్యులదీ అదే పద్ధతి. గురువును పేరుతో పిలవడానికి నాకు చాలాకాలం నోరు రాలేదు. ఇప్పటికీ ఆవిడతో ‘మీరు’ అనే మాట్లాడతాను, ఆవిడ నవ్వి ఊరుకుంటారు.

ఉచ్చారణ విషయంలో మాత్రం తెలుగు నాకు మేలు చేసింది. మన అ, ఇ, ఉ, ఎ, ఒ ఉన్నవి ఉన్నట్టుగా స్పానిష్‌కు సరిపోతాయి. త, ద లను దంతాలకు తాకించి పలకడం, ‘ర’ను అదరించడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఇంగ్లీషు దేశాల నుంచి వచ్చిన సహాధ్యాయులు వీటి కోసం ఎంతో శ్రమపడేవారు. వేగంగా మాట్లాడితే అర్థం చేసుకోవడమే నాకు మిగిలిన కష్టం.

ఆరు నెలలకు మించి ఉండే విద్యార్థి, దేశంలో అడుగుపెట్టిన నెలలోపు విదేశీయుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేసుకోవాలి. అందుకు ముందుగా పురపాలక కార్యాలయంలో నివాసం నమోదు చేయించుకోవడం మంచిది. ఆ దరఖాస్తుల్లో పేరుకు ఒక గడి, ఇంటిపేర్లకు రెండు గడులు ఉంటాయి. స్పెయిన్‌లో ప్రతి మనిషికీ తండ్రి వైపు నుంచి ఒకటి, తల్లి వైపు నుంచి ఒకటి, రెండు ఇంటిపేర్లు ఉంటాయి. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. రెండవ గడి ఖాళీగా ఎందుకు వదిలానో వివరించవలసి వచ్చినప్పుడు, ఆ ఉద్యోగిని ఎంతో ఆసక్తిగా విని, మరి మీ అమ్మగారి ఇంటిపేరు ఏమైందని అడిగింది. పెళ్ళితో మారిపోయిందని చెప్పాను. ఇక్కడ పెళ్ళైనా ఆడవాళ్ళ ఇంటిపేరు మారదని ఆమె అన్నది. ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి, పుట్టింటి ఇంటిపేరు రాసుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని అడిగాను. అమ్మ తన పదో తరగతి సర్టిఫికెట్ మీద ఇంకా ఆ పేరే ఉందని చెప్పి, దాన్ని తీసి ఫోటో పంపింది.