పీడకలలకు డాక్టరు దగ్గరికి వెళ్లాను

పీడకలలకు ట్రీట్‌మెంట్ తీసుకున్నానని చెప్తే మా బంధువుల్లో చాలామంది ముందు నమ్మలేదు. కల వస్తుంది, పోతుంది, దానికి డాక్టరేంటి అన్నారు. పీడకలలు ఒక జబ్బుగా మారొచ్చని, దానికి వైద్యం ఉందని అంతకుముందు నాకూ ఎవరూ చెప్పలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను. మా వీధిలోనే రాత్రిపూట ఉలిక్కిపడి లేచి కూర్చుని, పొద్దున్నే ఏమీ జరగనట్టు పనుల్లోకి వెళ్లిపోయేవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తర్వాత గాని తెలియలేదు.

మాది విజయవాడ సింగ్ నగర్. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం నాడు బుడమేరు నీళ్లు మా వైపు ముంచెత్తిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. మేం కింది వాటాలో ఉండేవాళ్లం. గుమ్మం దగ్గరున్న నీళ్లు చూస్తుండగానే మంచం ఎత్తుకు వచ్చాయి. మా ఆయన అత్తయ్యను ఎత్తుకుని, నేను పాప చెయ్యి పట్టుకుని, పైన ఓనర్ వాళ్ల ఇంట్లోకి వెళ్లిపోయాం. కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు, ఎటు చూసినా నల్లటి నీళ్లే. హెలికాప్టర్ చప్పుడు వినపడితే చాలు, పిల్లలంతా మేడ మీదికి పరిగెత్తేవాళ్లు. చివరికి పడవలో ఫ్లైఓవర్ దాకా వచ్చి అక్కణ్నుంచి గుడివాడలో మా అన్నయ్య ఇంటికి చేరాం. మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే తర్వాత ప్రతి ఒక్కరూ నాతో అన్నది ఇదే, "మీకేం కాలేదుగా, ఇంకా భయమెందుకు" అని.

నీళ్లలో ఉన్నప్పుడు గాని, అన్నయ్య ఇంట్లో గాని నాకు ఒక్క పీడకల కూడా రాలేదు. తిరిగొచ్చి బురదంతా కడుక్కుని, పాడైన పరుపులూ ఫ్రిజ్జూ బయట పడేసి, మళ్లీ ఆ కింది వాటాలోనే సర్దుకుని, స్కూలు మొదలై, ఇక అంతా మామూలైంది అనుకున్నాక మొదలయ్యాయి. దాదాపు ఎప్పుడూ ఒకటే కల. పాప స్నానాల గదిలో ఉంటుంది, నీళ్లు పెరుగుతుంటాయి, నా చెయ్యి గొళ్లెం మీదే ఉంటుంది కాని తియ్యడానికి బలం చాలదు, లోపల్నుంచి "అమ్మా" అని వినిపిస్తూ ఉంటుంది, అరుద్దామంటే నాకు గొంతు పెగలదు. లేచేసరికి ఒళ్లంతా చెమట, గుండె దడదడలాడుతూ ఉంటుంది. లేచి ముందు పాపను చూసుకుని, తర్వాత చెయ్యి నేలకు ఆనించి తడి ఉందేమో చూసేదాన్ని. ఆ తర్వాత ఇక నిద్ర పట్టేది కాదు.

నన్ను ఇంకా ఎక్కువ భయపెట్టిన విషయం ఒకటుంది. ఆ కల ఎప్పుడూ తెల్లవారుజామునే వచ్చేది, మూడు దాటాక, నాలుగింటికి. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని చిన్నప్పట్నుంచి విన్న మాట. పాప గురించి అలాంటి కల అదే వేళకు పదే పదే వస్తుంటే తల్లి మనసు ఎలా ఉంటుంది? ఆ కల సంగతి నోటితో బయటికి చెప్పడానికి కూడా భయపడ్డాను. పాప స్నానానికి వెళ్తే తలుపు గడియ పెట్టనిచ్చేదాన్ని కాదు. అది ఎనిమిదో తరగతి పిల్ల, దానికి ఎంత ఇబ్బందో అర్థం చేసుకోవచ్చు.

అత్తయ్యకు మాత్రం అర్థమైంది. పడుకునే ముందు ఆంజనేయ దండకం చదువుకోమంది, దిండు కింద ఇనుప ముక్క పెట్టింది, నా చేత దర్గాలో తాయెత్తు కూడా కట్టించింది. వీటిని నేను తీసిపారేయను. దండకం చదువుతున్నంతసేపూ ఊపిరి నెమ్మదించేది, త్వరగా నిద్రపట్టేది. కాని నాలుగింటికి ఆ కల వచ్చేది వస్తూనే ఉంది.

ఈలోగా నాకు పాత పార్శ్వపు నొప్పి తిరగబెట్టింది. నిద్ర లేకపోతే మైగ్రేన్ రావడం మామూలేనట. ఒక క్లినిక్‌లో చూపించుకుంటే నొప్పి రాకుండా ఉండటానికి రోజూ వేసుకోమని ప్రొప్రానలాల్ రాశారు. మంచి మందే, చాలా ఏళ్లుగా మైగ్రేన్‌కి వాడుతున్నదే, తలనొప్పి తగ్గింది కూడా. కాని కలలు మాత్రం ఇంకా ఘోరంగా తయారయ్యాయి. రంగులు, వాసనలు, ఆ మురుగు నీళ్ల కంపుతో సహా. వారానికి ఒకటి రెండుసార్లు వచ్చేవి దాదాపు రోజూ రావడం మొదలైంది. నిద్ర ఎలా ఉంది, కలలు వస్తున్నాయా అని అక్కడ ఎవరూ అడగలేదు. తలనొప్పికి వెళ్లినవాళ్లు కలల గురించి మాట్లాడొచ్చని పేషెంటుకు మాత్రం ఎలా తోస్తుంది?

పడుకోవాలంటేనే భయమేసే స్థితి వచ్చింది. ఫోన్ చూస్తూ ఒంటిగంట దాకా మెలకువగా ఉండేదాన్ని. క్లాసులో బోర్డు మీద లెక్క సగంలో ఆగిపోయేది. స్టాఫ్ రూమ్‌లో మా సైన్సు టీచరు చూసి చూసి, "మేడమ్, మా అక్క నర్సు, ఒకసారి మాట్లాడండి" అని ఫోన్ కలిపి ఇచ్చింది. ఆవిడే సైకియాట్రీ ఓపీకి వెళ్లమంది. ఇంట్లో ఆ మాట చెప్పడానికి ఎంత జంకానో. మా ఆయన మాత్రం "తలనొప్పికి వెళ్లలేదా, ఇదీ అంతే, రేపు సెలవు పెడతా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ ఒక్క మాటకు ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

అక్కడి డాక్టరమ్మ గారు అడిగిన ప్రశ్నలు ఇప్పటికీ గుర్తున్నాయి. కల ఏ టైముకు వస్తుంది? లేవగానే కల మొత్తం గుర్తుంటుందా? నిద్రలో చేతులు కాళ్లు విసురుతారా, మంచం దిగి నడుస్తారా? గురక ఉందా? మద్యం, సిగరెట్? మా ఆయన్ని అడిగి నాకు గురక ఉందో లేదో కూడా నిర్ధారించుకున్నారు, ఎందుకంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా ఉన్నా పీడకలలు రావొచ్చట. చివరికి "ఇప్పుడు వేసుకుంటున్న మందులన్నీ చూపించండి" అన్నారు. బ్యాగులోంచి తీసి బల్ల మీద పెట్టగానే ఆవిడ చూపు ప్రొప్రానలాల్ మీద ఆగింది. ఇది కొవ్వులో కరిగే మందు కాబట్టి మెదడులోకి తేలిగ్గా వెళ్తుందని, ఈ రకం మందులు నిద్రకు తోడ్పడే మెలటోనిన్‌ను కూడా తగ్గిస్తాయని, కొందరిలో పీడకలలు తెస్తాయని చెప్పారు. వరద వల్ల మొదలైన కలల్ని ఈ మందు రెట్టింపు చేసి ఉండొచ్చని, కాని ఒక్కసారిగా ఆపకూడదు, అలా ఆపితే గుండెకు ఇబ్బంది అని, మైగ్రేన్ చూసే డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గిస్తూ వేరేదానికి మార్పించారు.

నేను సిగ్గుపడుతూ తెల్లవారుజాము సంగతి కూడా అడిగాను. ఆవిడ నవ్వలేదు, కాగితం తీసి బొమ్మ గీశారు. రాత్రి నిద్ర సుమారు తొంభై నిమిషాల చొప్పున విడతలు విడతలుగా సాగుతుంది. ప్రతి విడత చివర్లో కళ్లు రెప్పల కింద వేగంగా కదిలే దశ ఒకటి వస్తుంది, ఆర్ఈఎమ్ అంటారు. గట్టి కలలు ఎక్కువగా అప్పుడే వస్తాయి. మొదటి విడతలో అది కొద్ది నిమిషాలే, తెల్లారేకొద్దీ పెరుగుతూ పోతుంది. అంటే నాలుగింటికి కల రావడానికీ, అది బాగా గుర్తుండటానికీ కారణం అది నిజం కాబోతుందని కాదు, ఆ వేళకు కలల దశ పొడవుగా ఉంటుంది, పైగా దాని మధ్యలోంచి మనం నేరుగా లేచిపోతాం. ఆ దశలో భయం తాలూకు మెదడు భాగం చురుగ్గా ఉంటుంది, ఒంట్లో కండరాలు మాత్రం కదలకుండా వదులైపోతాయి, కలలో కాళ్లూ చేతులూ రాకపోవడానికి దాంతో సంబంధం ఉండొచ్చన్నారు. నా చెయ్యి గొళ్లెం మీద ఎందుకు బిగుసుకుపోయేదో అప్పుడు అర్థమైంది. ఓపీ గదిలోనే ఏడ్చేశాను. తర్వాత దీని గురించి చదివితే, ఈ దశను లోకానికి మొదట చెప్పింది 1953లో, షికాగో యూనివర్సిటీలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అని, అసెరిన్‌స్కీ తన సొంత కొడుకుని పడుకోబెట్టి కళ్ల కదలికలు రికార్డు చేశాడని తెలిసింది. తల్లిగా నాకు ఆ సంగతి భలే నచ్చింది.

పీడకలలు ఎంతమందికి వస్తాయో కూడా అప్పుడే తెలిసింది. పెద్దవాళ్లలో సగానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు పీడకలలు వస్తాయని చెప్పేవాళ్లే. వారానికి ఒకసారైనా వచ్చేవాళ్లు నూటికి 2 నుంచి 6 మంది దాకా ఉంటారట. మా స్కూల్లాంటి చోట స్టాఫ్ రూమ్‌కి ఒకరిద్దరు అన్నమాట. ఆడవాళ్లు ఎక్కువగా చెబుతారు, పిల్లల్లో మూడు నుంచి ఆరేళ్ల మధ్య మొదలవడం మామూలు. ఎప్పుడో ఒకటి వస్తే జబ్బు కాదు. పదే పదే వచ్చి, పగటి పనిని పాడుచేసి, పడుకోవాలంటే భయం పుట్టిస్తే అది వైద్యం చేయాల్సిన జబ్బు. ప్రమాదాలు, వరదలు, హింస చూసినవాళ్లలో ఇది చాలా ఎక్కువ. నిద్ర తగ్గించుకున్నా పెరుగుతాయి, ఎందుకంటే కలల దశకు బాకీ పడ్డ నిద్రను శరీరం తర్వాత గట్టిగా రాబట్టుకుంటుంది. ఫోన్ పట్టుకుని ఒంటిగంట దాకా కూర్చోవడం నా కలలకే బలం ఇచ్చిందన్నమాట. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేసినప్పుడు వచ్చే భయంకరమైన కలల్లోనూ ఈ బాకీ లెక్కే ఉంటుందట. జ్వరంలో వచ్చేవి వేరే.

మందుల సంగతి మాత్రం కాస్త ఎక్కువగా చెప్పాలి. కొన్ని డిప్రెషన్ మందులు, వణుకుడు జబ్బు పార్కిన్సన్స్‌కి వాడే లెవోడోపా, సిగరెట్ మానడానికి ఇచ్చే వరెనిక్లిన్, ఇవి కూడా కొందరికి పీడకలలు తెస్తాయి. మన ఇళ్లల్లో తుమ్ములకీ ఆయాసానికీ పిల్లలకు తరచుగా వేసే మాంటెలుకాస్ట్ కూడా ఈ జాబితాలో ఉంది. మానసిక ఇబ్బందులు రావొచ్చన్న హెచ్చరికను ఆ మందు సమాచార పత్రంలో గడి కట్టి గట్టిగా వేయాలని అమెరికాలో మందుల్ని పర్యవేక్షించే ఎఫ్‌డీఏ 2020లో చెప్పింది. ఎవరూ సొంతంగా మానకండి, కాని మందు మొదలెట్టిన తేదీ, కలలు మొదలైన తేదీ పక్కపక్కన రాసుకుని డాక్టరుకు చూపించండి, దయచేసి.

ఇక అసలు వైద్యం. నన్ను ఒక సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఆయన చేయించినది వింటే ఇంతేనా అనిపిస్తుంది. కలను మెలకువలో ఉండగా మార్చి రాయాలి, మార్చిన కథను రోజూ పది ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని మనసులో నడిపించాలి. దీన్ని ఇమేజరీ రిహార్సల్ థెరపీ అంటారు, 2001లో బారీ క్రాకోవ్ బృందం అత్యాచార బాధితుల మీద చేసిన పరీక్షలో దీనివల్ల పీడకలలు బాగా తగ్గాయి. ముందు పెద్ద కల జోలికి పోవద్దన్నారు. నాకు చిన్నది ఇంకోటి ఉండేది, క్లాసులో బోర్డు మీద రాస్తుంటే కాళ్ల కిందికి నీళ్లు వస్తాయి, పిల్లలెవరూ చూడరు. దాన్ని మార్చాను, ఒక పిల్లాడు లేచి "మేడమ్, నీళ్లు" అంటాడు, అందరం వరసగా మేడ మీదికి వెళ్లి అక్కడ క్లాసు పెట్టుకుంటాం. కొన్నాళ్లకు ఆ కల రావడం మానేసింది.

పెద్దదాన్ని మార్చడానికి మాత్రం చాలా కష్టపడ్డాను. నేను గొళ్లెం తీసినట్టు రాస్తే మనసు ఒప్పుకునేది కాదు, చెయ్యి మళ్లీ బిగుసుకుపోయేది. చివరికి పాపకే చెప్పాను, ఇలా కల వస్తోంది అని. అది కాసేపు ఆలోచించి, "అమ్మా, గడియ లోపల కూడా ఉంటుంది కదా, నేనే తీసుకుంటాలే" అంది. అదే రాశాను. పాప లోపల్నుంచి తలుపు తీసి, "జరుగమ్మా" అని నన్నే పక్కకు జరిపి మెట్లెక్కుతుంది, నేను వెనకాలే వెళ్తాను. రోజూ పడుకునే ముందు కాకుండా సాయంత్రం టీ తాగాక అదే నడిపించుకున్నాను. పడుకునే వేళ మాత్రం దండకమే, అది మానలేదు.

కల సరిగ్గా నేను రాసినట్టు ఎప్పుడూ రాలేదు. కాని తీవ్రత తగ్గింది. నీళ్లు ఉండేవి, తలుపు ఉండేది కాదు. తర్వాత్తర్వాత మధ్యలోనే ఇది కల అని తెలిసిపోయేది. ప్రొప్రానలాల్ పోవడం వల్ల ఎంత, రిహార్సల్ వల్ల ఎంత, టైముకు పడుకోవడం వల్ల ఎంత అని విడదీయలేను, మూడూ కలిసే పనిచేశాయని నా నమ్మకం. ఇప్పటికీ రాత్రి గట్టి వాన పడితే ఒక్కోసారి వస్తుంది. లేస్తాను, మంచినీళ్లు తాగుతాను, మళ్లీ పడుకుంటాను.

మా పక్కింటావిడకు ఈ సంగతి చెప్పాక వాళ్ల అయిదేళ్ల బాబు సంగతి చెప్పింది. వాడు పడుకున్న గంటకే కళ్లు తెరిచి కేకలేస్తాడు, ఎత్తుకున్నా గుర్తుపట్టడు, పొద్దున్న ఏమీ గుర్తుండదు. అది పీడకల కాదని, గాఢ నిద్రలోంచి సగం లేవడం వల్ల వచ్చే నైట్ టెర్రర్స్ అని, చాలామంది పిల్లలకు పెరిగేకొద్దీ పోతుందని వాళ్ల పిల్లల డాక్టరు చెప్పారట. అలాగే వయసు మళ్లినవాళ్లు కలకు తగ్గట్టు నిద్రలో చేతులు విసిరి, పక్కవాళ్లను కొడుతుంటే అది ఇంకో రకం, కొందరిలో తర్వాత్తర్వాత పార్కిన్సన్స్‌కు ముందస్తు గుర్తు కావొచ్చు కాబట్టి న్యూరాలజిస్ట్‌కు చూపించాలి. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి జంకేవాళ్లు ముందు 14416కి ఫోన్ చేయొచ్చు, కేంద్ర ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్, ఎప్పుడైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మా వీధిలో నేను అందరికీ ఇచ్చిన నంబరు అదే.

మైగ్రేన్‌కి మార్చిన మందు ఇంకా వాడుతున్నాను, తలనొప్పి అదుపులోనే ఉంది. సైకాలజిస్ట్ ఇక రానక్కర్లేదన్నారు, వరసగా రెండు మూడు వారాలు మళ్లీ వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా రమ్మన్నారు.