ఒక బండి ముందే

"రైలు లేటైతే నువ్వెందుకు సారీ చెప్తావ్?" అని లండన్‌ ఆఫీసులో మా మేనేజర్ అందరి ముందూ అడిగింది. మీటింగ్ సగమయ్యాక వెళ్లి, క్షమించమని, రేపటి నుంచి ఇంకో బండి ముందే బయల్దేరతానని అన్నాను. దానికి వచ్చిన జవాబది. గొంతులో కోపం లేదు గానీ విసుగుంది. "ఆ సారీ వాళ్లు చెప్పాలి. డబ్బు కూడా అడుగు, నీకు రావాల్సిందే కదా" అని మళ్లీ పనిలో పడిపోయింది.

ఆ మాట సాయంత్రం దాకా గుచ్చుకుంటూనే ఉంది. ఆమె అన్నది మంచికే. కానీ ఒక బండి ముందే బయల్దేరడమనేది మనకు చిన్నప్పటి నుంచీ నేర్పిన బాధ్యత. ఆలస్యంగా వచ్చినవాడు రైలు మీద నెపం పెడితే మన ఆఫీసుల్లో ఎవరూ వినరు. "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని మైకులో వినిపిస్తే ప్లాట్‌ఫారం మీద తలెత్తి చూసేవాళ్లు కూడా ఉండరు.

లండన్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి రోజూ ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు డిలే రీపే సంగతి తెలిసిందే. చాలా రైలు కంపెనీల్లో బండి 15 నిమిషాలు లేటైతే ఆ ప్రయాణపు చార్జీలో నాలుగో వంతు, అరగంట లేటైతే సగం, గంటైతే మొత్తం వెనక్కి ఇస్తారు. 28 రోజుల్లోపు అడగాలి. సీజన్ టికెట్ ఉన్నా వస్తుంది, ఒక ప్రయాణానికి ఎంత పడుతుందో లెక్కగట్టి ఇస్తారు. చేతికొచ్చేది తక్కువే.

నాకు నచ్చింది ఆ డబ్బు వెనకున్న లెక్క. ఇక్కడ దారిలో ఎక్కడైనా 3 నిమిషాలు, అంతకు మించి ఆలస్యం జరిగితే అది ఎవరి వల్ల జరిగిందో తేల్చి రాయాలి. పట్టాలూ సిగ్నళ్లూ చూసే నెట్‌వర్క్ రైల్ వల్లా, బండి నడిపే కంపెనీ వల్లా? రాలిన ఆకులు పట్టాల మీద అతుక్కుని చక్రాలు జారితే ఆ నిమిషాలు ఎవరి ఖాతాలో వెయ్యాలి? దీనికోసం మనుషులు కూర్చుని వాదించుకుంటారు. మొదట్లో ఇదంతా అనవసరపు గొడవనిపించింది. ఇప్పుడనిపిస్తోంది, ఆలస్యం ఫలానావాళ్ల వల్లేనని రాసి ఉంటేనే దాన్ని తగ్గించే పని ఎవరిదో తేలుతుందని. ఇదివరకు బండి చివరి స్టేషన్‌కి 5 నిమిషాల లోపు తేడాతో చేరితే, దూరపు బండ్లయితే 10 నిమిషాల్లోపు చేరితే, సమయానికి వచ్చినట్టే రాసుకునేవారు. మధ్యలో దిగేవాళ్ల గోడు అందులోకి వచ్చేది కాదు. 2019 నుంచి ఆగే ప్రతి స్టేషన్‌లోనూ ఒక్క నిమిషంలోపు తేడాని మాత్రమే 'ఆన్ టైమ్' అంటున్నారు. 2025 నుంచి ఆ స్టేషన్‌లో ఎన్ని బండ్లు సమయానికి వచ్చాయో, ఎన్ని రద్దయ్యాయో అక్కడే ప్రయాణికులకు చూపిస్తున్నారు.

ఇలా చెప్తున్నానని ఇక్కడంతా సవ్యంగా ఉందనుకోకండి. ఎండ కాస్త ముదిరితే బండ్ల వేగం తగ్గించేస్తారు. రామగుండం ఎండల్లో తిరిగినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. ఇక్కడ పట్టాలను 27 డిగ్రీల వేడికి సరిపోయేలా బిగిస్తారు. అంతకన్నా బాగా వేడెక్కితే సాగి వంకర పోతాయని భయం. మన దగ్గర మన ఎండలకు తగ్గట్టు బిగిస్తారు. ఇక చార్జీలంటారా, రెడింగ్ నుంచి లండన్‌కి ఏడాది సీజన్ టికెట్ 5 వేల పౌండ్లు దాటింది. హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్‌లో 5 రూపాయలకు బండెక్కొచ్చు. ఇళ్లల్లో పనిచేసుకునేవాళ్లు కూడా ఎక్కగలిగే రైలు అది. ఆ గొప్పతనం నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది.

మనవాళ్లు కలిసినప్పుడు ఎవరో ఒకరు "మనకి టైమంటే లెక్కలేదండీ" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 2003లో మొదలైన ఎంఎంటీఎస్‌కి సొంత పట్టాలు ఇవ్వలేదు. ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సు బండ్లూ తిరిగే లైన్లలోనే దాన్నీ నడిపారు. వెనక పెద్ద బండి వస్తుంటే చిన్న బండిని అవుటర్‌లో ఆపక ఏం చేస్తారు? అదే ఊళ్లో 2017లో మెట్రో వచ్చింది, సొంత దారి మీద టంచనుగా తిరుగుతోంది. ఊరూ అదే, మనుషులూ వాళ్లే. ఇక్కడి ఎలిజబెత్ లైన్ అనే రైలు మార్గం కూడా లండన్ నడిమధ్య సొంత సొరంగంలో చక్కగా పోతుంది, పాడింగ్టన్ స్టేషన్ దాటి పడమటికి వచ్చేసరికి దూరపు బండ్లతో, గూడ్సుతో పట్టాలు పంచుకోవాలి, ఆలస్యాలూ అక్కడే ఎక్కువ. తప్పంతా మన స్వభావం మీదికి తోసేస్తే పట్టాల సంగతి ఎవరడుగుతారు?

మన స్టేషన్ల విషయంలో మాత్రం నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. 2025 మే 22న ప్రధాని ప్రారంభించిన, అమృత్ భారత్ పథకం కింద బాగుచేసిన 103 స్టేషన్లలో బేగంపేట, వరంగల్, కరీంనగర్ ఉన్నాయి. తమ్ముడు బేగంపేట ఫొటోలు పంపితే మనసు నిండిపోయింది. ఎలిజబెత్ లైన్‌లో 41 స్టేషన్లలోనూ మెట్లెక్కకుండా ప్లాట్‌ఫారం చేరొచ్చు, కానీ బ్రిటన్‌లో పాత స్టేషన్లు చాలావాటిలో ఇప్పటికీ మెట్లే గతి. మోకాళ్ల నొప్పులతో అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు దగ్గర్లోని స్టేషన్ వదిలేసి, లిఫ్ట్ ఉన్న దూరపు స్టేషన్‌కి తీసుకెళ్లేవాణ్ని.

కానీ లిఫ్టులూ ఎస్కలేటర్లూ ఒక బండి ముందే బయల్దేరే అవసరాన్ని తీర్చవు. దాని గురించే నా బాధంతా. బండి ఎప్పుడొస్తుందో నమ్మకం లేనివాళ్లు, అది సమయానికి వచ్చిన రోజున కూడా ఇరవై నిమిషాలు పోగొట్టుకుంటారు. పిల్లల్ని బడికి తయారు చెయ్యాల్సిన సమయం, ఒక ముద్ద నింపాదిగా తినాల్సిన సమయం అది. ఏ ఆలస్యాల పట్టికలోనూ అది కనిపించదు, ఇక్కడి పట్టికల్లో కూడా.

5 రూపాయల టికెట్‌లో నాలుగో వంతు వెనక్కిమ్మని ఎవరూ అడగరు. లెక్క మాత్రం అడగొచ్చు. ఏ బండి ఎక్కడుందో చూపించే ఎన్‌టీఈఎస్ మన రైల్వేకి ఎప్పటి నుంచో ఉంది. స్టేషన్ల వారీగా సమయపాలన ఎంతో, ఆలస్యానికి కారణమేంటో తీసి, కొత్తగా కట్టిన గోడల మీదే నెలనెలా పెట్టమనండి. పొద్దున 8 నుంచి 10 దాకా, సాయంత్రం 5 నుంచి 8 దాకా లెక్క విడిగా చూపించాలి. మధ్యాహ్నం ఖాళీగా తిరిగే బండ్లతో కలిపి సగటు తీస్తే ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల ఆలస్యం అందులో కనపడకుండా పోతుంది.